‘ఎక్స్‌క్లూజివ్’ బీట్ అని 12,000 కట్టాం, మీరు కట్టకండి

హన్మకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్ వైపు ర్యాప్ చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆన్‌లైన్‌లో బీట్, అంటే మనం పాడటానికి వెనక వచ్చే రెడీమేడ్ మ్యూజిక్, కొనే ముందు ఇది ఒకసారి చదవండి. మేం ముగ్గురం తలా 4,000 వేసుకొని మోసపోయాం.

బతుకమ్మ మీద ఒక సింగిల్ రాసుకున్నాం. ఎంగిలిపూల నాడు వదలాలని అనుకున్నాం. ఇన్‌స్టాలో బీట్లు అమ్మే ఒకతను దొరికాడు. డప్పు కింద 808 బేస్, అంటే డ్రమ్ మెషీన్ లోతైన దరువు, మధ్యలో పాతకాలపు వయొలిన్ ముక్క. వినగానే పడిపోయాం. "ఎక్స్‌క్లూజివ్ అన్నా, ఇంకెవ్వలకు ఇయ్య, ఈ బీట్ ఇగ నీదే" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండుసార్లుగా యూపీఐ చేశాం. వచ్చింది ఒక్క ఎంపీ3. స్టెమ్స్, అంటే డప్పు, బేస్, వయొలిన్ దేనికది విడి ఫైళ్లు, అడిగితే రేపు, ఎల్లుండి అన్నాడు. అనుమానం అక్కడే రావాలి. పండుగ తొందరలో ఊరుకున్నాం.

యూట్యూబ్‌లో పెట్టిన మూడో రోజు కంటెంట్ ఐడీ క్లెయిమ్ వచ్చింది, అంటే ఇందులో వేరేవాళ్ల పాట ఉందని యూట్యూబ్ సిస్టమ్ పట్టుకుంది. ఆ వయొలిన్ ముక్క ఒక పాత సినిమా పాటదట, హక్కులు ఒక మ్యూజిక్ కంపెనీవి. డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టొచ్చు గానీ జవాబుకు అవతలివాళ్లకు 30 రోజుల గడువు. బతుకమ్మ తొమ్మిది రోజులే. సద్దులు కూడా అయిపోయాక మా పాట ఎవరు వింటారు? అయినా డిస్ప్యూట్‌లో చూపడానికి మా దగ్గర ఏముంది, ఆ వాయిస్ మెసేజ్ తప్ప? ఇదంతా వెతుకుతుంటే ఇంకోటి బయటపడింది. అదే బీట్ మీద మా కంటే ముందే ఇంకో కుర్రాడు పాట వదిలాడు. పాపం, అతనూ ‘ఎక్స్‌క్లూజివ్’ అనే కొన్నాడేమో.

శాంపుల్, అంటే పాత పాట ముక్క, వాడటమే తప్పని నేను అనను. హిప్ హాప్ పెరిగిందే పాత రికార్డుల ముక్కల మీద. అడగకుండా వాడితేనే తంటా. 1991లో అమెరికా ర్యాపర్ బిజ్ మార్కీ ఆల్బమ్‌లో గాయకుడు గిల్బర్ట్ ఓసలివన్ పాట ముక్క అనుమతి లేకుండా వాడారని అమెరికా కోర్టు తీర్పు ఇచ్చాక, ఆ ఆల్బమ్‌నే అమ్మకాల నుంచి తీసేశారు. అమెరికా హిప్ హాప్ గ్రూప్ డి లా సోల్ 1989 నాటి మొదటి ఆల్బమ్ స్ట్రీమింగ్‌లోకి వచ్చింది 2023లో, అంత ఆలస్యానికి పెద్ద కారణం శాంపుల్ హక్కుల చిక్కే. వాళ్లంతటి వాళ్లకే అట్లైతే మనమెంత.

ఇంకో మాట. లీజ్ అంటే అదే బీట్ పదిమందికీ ఇస్తారు, అందుకే చవక. ఎక్స్‌క్లూజివ్ కొన్నా, అంతకుముందు లీజుకు తీసుకున్నవాళ్ల పాటలు మామూలుగా అట్లనే ఉంటాయి. కాబట్టి ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చావో ముందే అడగండి. మన కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసిస్తేనే, ఇచ్చేవాడి సంతకం ఉంటేనే ఆ బదిలీ చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే, ఎక్కడికో రాయకపోతే మన దేశానికే. ‘ఇగ నీదే అన్నా’ అన్న మాటకు విలువ లేదు. శాంపుల్ ఏదైనా ఉంటే దాని అనుమతి ఎవరు తెస్తారో కూడా ఆ కాగితం మీదే రాయించుకోండి. స్టెమ్స్ చేతికి వచ్చాకే మిగతా డబ్బు కట్టండి.

ఇట్లనే డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. మేం సిగ్గుపడి రెండు వారాలు ఆగాం, అది మా తప్పు.

లిరిక్ మాత్రం మాదే కదా. ఇప్పుడు మా దోస్తు డప్పు తానే వాయిస్తానన్నాడు, కాజీపేటలో వాళ్ల గదిలోనే రికార్డ్ చేస్తున్నాం, మధ్యమధ్య రైలు కూత కూడా పడుతోంది. ఆ బీట్ అమ్మినతను నన్ను బ్లాక్ చేశాడు. నిన్న రాత్రి మా తమ్ముడి ఫోన్‌లో చూశాను. అదే బీట్, అదే వయొలిన్, ‘ఎక్స్‌క్లూజివ్, ఒక్కరికే’ అని స్టోరీ. ధర 9,000కు దించాడు.