గ్యారేజీ చెప్పిన లోపం నమ్మాలనిపించనప్పుడు: అక్కడే ఒప్పుకోవడమా, మరొకరికి చూపించడమా?

దారి మధ్యలో ఆగిపోయిన కారును గ్యారేజీకి చేర్చడం ఒక ఎత్తు. ఆ తర్వాత అక్కడి నుంచి వచ్చే ఫోను ఇంకో ఎత్తు. "ఫ్యూయల్ పంపు పోయిందండీ, కొత్తది వేసేయమంటారా?" అని అడిగి అవతలివారు జవాబు కోసం ఆగుతారు. మనకు తెలిసిందల్లా నిన్నటిదాకా చక్కగా నడిచిన బండి ఇవాళ కదలడం లేదని మాత్రమే. సరే అంటే డబ్బు పోయి లోపం మిగిలిపోతుందేమోనన్న భయం. వద్దంటే ఉన్నమాట చెప్పిన మనిషిని అవమానించినట్టవుతుందేమోనన్న మొహమాటం.

నాకు సరిగ్గా ఈ పంపు మాటే చెప్పారు. అనుమానం తీరక కారును ఇంకో చోటికి లాగించుకుపోయాను. అక్కడి మెకానిక్ ఇంధన పీడనం కొలిస్తే సున్నా వచ్చింది. అంటే మొదటివారు చెప్పినదాంట్లో సగం నిజమే, ఇంజిన్‌కు పెట్రోలు అందడం లేదు. ఈయన అక్కడితో ఆగకుండా పంపు దాకా కరెంటు వస్తోందో లేదో మీటరు పెట్టి చూశారు. రావడం లేదు. లోపం పంపుకు కరెంటు అందించే రిలే అనే స్విచ్‌లో ఉంది. అగ్గిపెట్టె కన్నా చిన్న వస్తువు అది. దాన్ని మార్చగానే పాత పంపే మళ్లీ పని చేసింది. మొదటి గ్యారేజీ నన్ను మోసం చేయబోయిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఒక పరీక్ష ముందే ఆగిపోయారు, అంతే. అందుకే ఎవరైనా లోపం పేరు చెప్పినప్పుడు ఆ మనిషి మంచివాడా కాదా అని ఆలోచించడం మానేశాను. ఆ పేరు దాకా ఏ పరీక్ష తీసుకువెళ్లిందని అడుగుతున్నాను.

ఇలాంటప్పుడు మన ముందు నాలుగు దారులుంటాయి. వెంటనే ఒప్పుకోవడం, అక్కడే రుజువు అడగడం, వేరే చోటికి తీసుకువెళ్లడం, సొంతంగా స్కానర్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే పరికరం) పెట్టి చూసుకోవడం. వీటిలో ఏది మేలన్నది ఎక్కువగా కారు ఎలా ఆగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఆ సమాచారం మన దగ్గర తప్ప మరెవరి దగ్గరా ఉండదు.

కాబట్టి జ్ఞాపకం చెదరక ముందే రాసిపెట్టుకోవాలి. ఇంజిన్ కుదుపులతో, ఊపిరి అందనట్టు తడబడి ఆగిందా, స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగిందా? మొదటిది ఎక్కువసార్లు ఇంధనం వైపు, రెండోది విద్యుత్తు లేదా సెన్సర్ వైపు వేలు చూపిస్తుంది. మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగిందా? తిరగకుండా టకటకమని చప్పుడు మాత్రమే వస్తే బ్యాటరీ నీరసించిందనో, దాని టెర్మినళ్లు వదులయ్యాయనో ముందు అనుమానించాలి. సెల్ఫ్ మామూలు వేగంతో తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీ మీద నింద వేయడం తొందరపాటు. సెల్ఫ్ ఎప్పటికన్నా తేలికగా, ఏ అడ్డూ లేనట్టు గిర్రున తిరిగితే అది చెడ్డ సూచన. పిస్టన్ల కదలికకూ వాల్వుల కదలికకూ జత కుదిర్చే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను తాకి వంచేస్తాయి కాబట్టి ఇక తాళం ముట్టుకోకూడదు. బాగా వేడెక్కాక ఆగిపోయి, చల్లారిన తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టయితే ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సర్‌ను తప్పక చూడమనాలి. ఆగడానికి ముందు బ్యాటరీ దీపం వెలిగిందా, హెడ్‌లైట్లు మసకబారాయా, ఉష్ణోగ్రత ముల్లు పైకి పోయిందా అన్నవీ ముఖ్యమే. డాష్‌బోర్డు మీద వెలిగిన దీపాలను ఫోనుతో ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది.

వెంటనే ఒప్పుకోవడం

లోపం కంటికి కనిపించేదైనప్పుడు, మీటరు తేల్చి చెప్పినప్పుడు ఇదే మేలైన దారి. తెగిన బెల్టును చేతిలో పెట్టి చూపించాక వాదించడానికి ఏమీ ఉండదు. బ్యాటరీ సంగతీ అంతే. పూర్తిగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి కట్టేసి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపాలి. నిండుగా ఛార్జయి ఉన్నా సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోతుంటే దాని ఆయువు తీరినట్టే. ఈ అంకెలు చూపించిన మెకానిక్‌ను అనుమానించి ఇంకో చోటికి లాగించుకుపోవడం డబ్బు దండగ.

అయితే ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. నడుస్తున్న కారు ఆగిపోయిందని వెళితే "బ్యాటరీ పోయింది" అన్న జవాబు వస్తే అది చాలదు. నడిచే కారుకు కరెంటు అందించేది ప్రధానంగా ఆల్టర్నేటర్. అది పని మానేస్తే బండి బ్యాటరీ మీద కొంత దూరం నడిచి, దాన్ని పీల్చేసి ఆగుతుంది. కొత్త బ్యాటరీ వేస్తే మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ కొంత దూరం పోతుంది, మళ్లీ ఆగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. ఆ కొలత చూడకుండా కొత్త బ్యాటరీకి సరే అనకండి.

అక్కడే రుజువు అడగడం

నా దృష్టిలో మిగిలిన దారులన్నిటికన్నా ముందు నడవాల్సింది ఇదే. కారు కదలాల్సిన పని లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. "ఏ పరీక్షలో తేలిందండీ? ఒకసారి నాకూ చూపిస్తారా?" అంటే చాలు. పనిమీద గౌరవమున్న మెకానిక్ ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. "మాకు అనుభవం ఉంది, చూడగానే తెలిసిపోతుంది" అన్న జవాబు మాత్రం నన్ను భయపెడుతుంది. అనుభవం ఏ పరీక్ష ముందు చేయాలో చెబుతుంది. పరీక్షే అక్కర్లేదని చెప్పదు.

ఎక్కువగా వినిపించే రుజువు "స్కానర్‌లో కోడ్ వచ్చింది" అన్నది. కోడ్ అంటే లోపానికి కారు కంప్యూటర్ పెట్టే గుర్తు. దాన్ని కొట్టిపారేయక్కర్లేదు గానీ, దాన్ని తీర్పుగానూ తీసుకోకూడదు. ఉదాహరణకు పి0171 అనే కోడ్ వస్తే, ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గిందని అర్థం. ఎక్కడో పగిలిన రబ్బరు గొట్టంలోంచి గాలి దూరినా ఆ కోడ్ వస్తుంది. గాలిని కొలిచే సెన్సర్ మురికిపట్టినా వస్తుంది, పంపు బలహీనపడినా వస్తుంది. దాన్ని చూసి, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి మిశ్రమం సంగతి చెప్పే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే, తప్పు జరుగుతోందని నిజం చెప్పిన సాక్షిని తీసి పారేసినట్టే. పి0335 కూడా అలాంటిదే. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని అది చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో సెన్సరుంది, వైర్లున్నాయి, ప్లగ్గుంది. ఎలుక కొరికిన వైరుకు కొత్త సెన్సర్ మందు కాదు.

ఒక్కో లోపానికి ఒక్కో పరీక్ష ఉంది. పంపు పోయిందంటే ఇంధన పీడనం ఎంత వచ్చింది, పంపు ప్లగ్గు దగ్గర కరెంటూ ఎర్తూ ఉన్నాయా అని అడగాలి. కరెంటు వచ్చి, ఎర్త్ సరిగా ఉండి, పంపు తిరగకపోతేనే నేరం పంపుది. తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు వైపు నుంచి రెండు మూడు క్షణాలు సన్నని గూయ్‌మనే శబ్దం చాలా పెట్రోలు కార్లలో వినిపిస్తుంది. అది వినిపించిందో లేదో కూడా చెప్పండి. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే పలుచని సీలు) పోయిందంటే ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే అది ఇంజిన్ విప్పే పని. రేడియేటర్ నీటి ఆవిరిలో పొగ వాయువు కలుస్తోందో లేదో తేల్చే పరీక్ష ఉంది. వాయువు తగిలితే పరికరంలోని నీలం ద్రవం పసుపుగా మారుతుంది. సిలిండర్లలో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిచినప్పుడు పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే బాగా తగ్గితే గాస్కెట్ వాటి మధ్య తెగి ఉండవచ్చు. ఇవేవీ చేయకుండా, బండి వేడెక్కిందన్న ఒక్క కారణంతో గాస్కెట్ అంటే ఒప్పుకోకండి. రేడియేటర్‌కు వెళ్లే నీటిని అదుపు చేసే థర్మోస్టాట్ మూసుకుపోయినా, ఫ్యాను తిరగకపోయినా, నీళ్లు కారిపోయినా వేడెక్కుతుంది.

పరీక్షకు పట్టే సమయానికి డబ్బు అడిగితే మాత్రం గీసి బేరమాడకండి. లోపం వెతకడానికి ఇచ్చే కూలి, భాగం మార్చడానికి ఇచ్చే కూలి వేరువేరుగా ఉండటం మనకే మంచిది. వెతుకులాటకు ఏమీ ఇవ్వకపోతే గ్యారేజీకి ఆదాయం వచ్చేది ఏదో ఒక భాగం మార్చినప్పుడే.

వేరే చోటికి తీసుకువెళ్లడం

రుజువు చూపించలేదు, లేదా చూపించిన రుజువు మనం రాసుకున్న లక్షణాలతో పొసగలేదు, పైగా చెప్పిన పని పెద్దది. అప్పుడు కదలడమే మేలు. ఎక్కడికి వెళ్లాలి?

వారంటీ ఉంటే ఆలోచన అనవసరం, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే. వారంటీ లేకపోయినా తాళంలోని చిప్‌ను బండి గుర్తించకపోవడం, కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్ వంటి చిక్కుల్లో అక్కడికి వెళ్లడమే నయం. ఆ మోడల్‌కు సంబంధించిన వైరింగ్ పటాలు, కంపెనీ స్కానర్, తెలిసిన లోపాల మీద తయారీదారు పంపే సూచనలు వారికి అందుబాటులో ఉంటాయి. అయితే చిన్న ముక్కను బాగుచేసే బదులు మొత్తం అసెంబ్లీనే మార్చే ధోరణి అక్కడ ఎక్కువ. విడి మెకానిక్ ఆల్టర్నేటర్‌ను విప్పి అరిగిన బ్రష్‌లు మారుస్తాడు. బండి పక్కన నిలబడి మనతో మాట్లాడతాడు. అందరూ మరిచిపోయే మూడో మనిషి ఆటో ఎలక్ట్రీషియన్. కారు ఉన్నట్టుండి ఆగి, ఉన్నట్టుండి నడిచే జబ్బుల్లో నేను ముందు ఆయన దగ్గరికే వెళతాను. వదులు ఎర్త్ వైరును, పచ్చగా తుప్పుపట్టిన ప్లగ్గును వెతికే ఓపిక ఆయనకు ఉంటుంది.

రెండోచోట మొదటి గ్యారేజీ చెప్పిన పేరును ముందే బయటపెట్టకండి. లక్షణాలు మాత్రం ఒక్కటీ దాచకుండా చెప్పండి. "పంపు పోయిందట" అని మొదలుపెడితే వినే మనిషి కూడా పంపు దగ్గరే వెతుకుతాడు, అది మానవ సహజం. ఆయన తన మాట చెప్పాక మొదటి మాట చెప్పవచ్చు.

ఈ దారికి ఖర్చుతో పాటు ఒక గడువు కూడా ఉంది. ఇంజిన్ విప్పక ముందే కదలాలి. హెడ్ ఊడదీశాక కంప్రెషన్ కొలవలేరు, పీడనం పరీక్షించలేరు, రెండో మనిషి చూసేది బల్ల మీద పరిచిన ముక్కల్ని. అందుకే అనుమానం ఉంటే "నేను చెప్పేదాకా ఏమీ విప్పకండి" అని మొదటిరోజే చెప్పాలి. ఆయిల్ దీపం వెలిగిన, వేడెక్కి ఆగిన బండిని నడిపించుకుపోవద్దు, లాగించండి. ఆటోమేటిక్ గేర్లున్నవాటిని, నాలుగు చక్రాలకూ శక్తి అందేవాటిని ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి.

సొంత స్కానర్

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు తగిలించి ఫోనులో చూసుకునే చిన్న పరికరాలు ఉన్నాయి. అవి కోడ్ చెబుతాయి, కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత ఎంతో చెబుతాయి. ఎవరైనా చెరిపేయక ముందే ఆ సమాచారాన్ని దాచుకోవడానికి పనికొస్తాయి. నాకు ఈ పరికరం విలువ అంతవరకే. ఇంట్లో కోడ్ చూసి భాగం కొనేయడం, గ్యారేజీలో వద్దనుకున్న ఊహనే మనం చేయడం.

నా ఎంపిక అడిగితే, బ్యాటరీ, రిలే, సెన్సర్ లాంటి చిన్న పనికి అక్కడే రుజువు చూసి అక్కడే చేయిస్తాను. ఇంజిన్ గానీ గేరుబాక్సు గానీ విప్పాలంటే, మొదటివారి మీద ఎంత నమ్మకమున్నా రెండోచోట పరీక్ష చేయిస్తాను. పాత భాగం తిరిగి ఇవ్వమని రెండు చోట్లా ముందే చెబుతాను.

ఇద్దరూ రెండు మాటలు చెబితే మూడో మనిషి దగ్గరికి పరుగెత్తను. ఒకరు గాస్కెట్ అంటారు, ఇంకొకరు వాటర్ పంపు అంటారు అనుకుందాం. "మీ మాట తప్పయితే ఏ పరీక్షలో బయటపడుతుంది?" అని ఇద్దరినీ అడుగుతాను. గాస్కెట్ అన్నవారు నీలం ద్రవం పరీక్ష పేరు చెబితే, బండి ఉన్నచోటే ఆ పరీక్ష చేయిస్తాను. ఇంజిన్‌ను కాసేపు వేడిగా నడిపినా ద్రవం నీలంగానే ఉంటే వాటర్ పంపు దగ్గర చూడమంటాను.