షెఫీల్డ్‌లో మూడు రోజులు, సోలింగెన్‌లో ఒకటి, బ్రూనెన్‌లో ఒక పూట: మడత చాకుల కోసం తిరిగిన ఊళ్లు

రెండు, మూడు, నాలుగు బ్లేడ్లుండే పాత మడత చాకులు పోగుచేయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఇన్నాళ్లూ ఫొటోలు చూసి తెప్పించుకోవడమే, ఈసారి అవి పుట్టిన ఊళ్లకే వెళ్లొచ్చాను, తోడుగా మా తమ్ముడు వచ్చాడు. ముందే చెప్పేస్తున్నా, ఈ ఇష్టం ఉన్నవాళ్లు ఒక్క ఊరికే వెళ్లగలిగితే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి వెళ్లండి, అదీ కనీసం మూడు రోజులు పెట్టుకుని.

మొదటి రోజు కెల్హమ్ ఐలాండ్ మ్యూజియం. అందరూ అక్కడి 12,000 హార్స్‌పవర్ రివర్ డాన్ ఆవిరి ఇంజన్ చూడటానికి వస్తారు. అది చూడాల్సిందే, కానీ నా కాళ్లు ఆగింది లిటిల్ మెస్టర్ల గదుల దగ్గర. లిటిల్ మెస్టర్ అంటే చిన్న గది అద్దెకు తీసుకుని ఒక్కడో ఇద్దరో కూర్చుని సొంతంగా పని చేసుకునే చాకుల పనివాడు. ఆ తరానికి చెందిన స్టాన్ షా 2021లో 94 ఏళ్ల వయసులో పోయారు, పద్నాలుగో ఏట పనిలో చేరి జీవితమంతా మడత చాకులే చేశారు, చివరి ఏళ్లలో ఆయన పని చేసింది ఇక్కడే. అలాంటి బల్ల ముందు నిలబడితే ఎంత తక్కువ సామానుతో ఎంత పని చేశారో అర్థమవుతుంది. ఒక చిన్న దాగలి, ఆకురాళ్లు, సుత్తి, పట్టుకారు, అంతే.

అక్కడ నాకు బాగా ఉపయోగపడింది ఒక పరీక్ష. మంచి చాకుని మూసినప్పుడు, సగం తెరిచినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు కూడా వెనక స్ప్రింగు పిడితో సమంగా ఉండాలి, పైకి లేవకూడదు, లోపలికి దిగకూడదు. ఒక్క బ్లేడుకే ఇది కుదర్చడం కష్టం, నాలుగు బ్లేడ్లకి కుదర్చాలంటే ఒక్కోదాని మొదలునీ విడివిడిగా ఆకురాయితో రాసి రాసి సరిచేయాల్సిందే. బ్లేడు సాఫీగా కదలడం, చివర్లో టక్కుమని పడటం, ఈ రెంటినీ కలిపి వాక్ అండ్ టాక్ అంటారు. ఒక చాకు చేతికిస్తే మా తమ్ముడు రెండుసార్లు తెరిచి మూసి, "అన్నా, దీని చప్పుడే వేరుగా ఉంది కదా" అన్నాడు. వాడికి అప్పటిదాకా వీటి మీద పెద్ద ఆసక్తి లేదు.

రెండో రోజు కట్లర్స్ హాల్. చాకుల పనివాళ్ల సంఘానికి 1624లో పార్లమెంటు చట్టంతో గుర్తింపు వచ్చింది, ఆ సంఘం భవనమే ఇది, కెథీడ్రల్‌కి ఎదురుగా ఉంటుంది. రోజూ తెరిచి ఉండదు, టూర్ తేదీలు చూసి ముందే బుక్ చేసుకోవాలి, మేం మిగతా ప్రయాణమంతా ఆ తేదీ చుట్టూనే వేసుకున్నాం. వెళ్లింది నార్ఫోక్ నైఫ్ కోసం. 1851 లండన్ మహా ప్రదర్శన కోసం జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ చేసిన చాకు, 75 బ్లేడ్లు, పరికరాలు, ముత్యపు చిప్ప పిడి మీద చెక్కడం, బ్లేడ్ల మీద బొమ్మలు. జేబులో పెట్టుకునే వస్తువు కాదది, మా చేతి పని ఇదీ అని ప్రపంచానికి చూపించడానికి చేసింది. నేను మాత్రం బొమ్మల కంటే బ్లేడ్లు పిడిలోకి వెళ్లే మొదళ్లనే ఎక్కువసేపు చూశాను, టూర్ వాళ్లు పిలిచేదాకా.

మూడో రోజు పోర్ట్‌లాండ్ వర్క్స్. 1870ల నాటి ఎర్ర ఇటుకల కార్ఖానా, స్టెయిన్‌లెస్ స్టీలు చాకులు, ఫోర్కులు మొదట తయారైన చోటు. 2013లో స్థానికులే వాటాలు వేసుకుని కొని నిలబెట్టారు. మ్యూజియం కాదు, లోపల నిజంగా పనులు నడుస్తుంటాయి, కాబట్టి సందర్శకులకు తెరిచే రోజు చూసుకుని వెళ్లడమే మర్యాద.

ఇక బస. మొదటి రాత్రి స్టేషన్ పక్కన దిగాం, పేరు చెప్పను. శుభ్రంగా ఉంది, రైలుకి దగ్గర, కానీ గదిలో బల్ల లేదు, ఉన్న ఒక్క దీపం పసుపు రంగులో మినుకుమంటుంది. ఆ సాయంత్రమే ఒక పాత సామాన్ల దుకాణంలో 45 పౌండ్లకి నాలుగు బ్లేడ్ల చాకు కొన్నాను, అంతా అసలుదే అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. గదిలో ఎంత తిప్పి చూసినా సరిగా కనపడలేదు. మర్నాడు కెల్హమ్ ఐలాండ్ వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. అక్కడ కిటికీ పక్కనే పెద్ద చెక్క బల్ల, వంచుకునే దీపం ఉన్నాయి. దాని కింద పెట్టగానే విషయం బయటపడింది. మూడు బ్లేడ్ల మొదళ్లలో నక్షత్రం, మాల్టీస్ క్రాస్ ముద్ర ఉంది, అది రాడ్జర్స్ గుర్తు. నాలుగో దాని మీద ఏ ముద్రా లేదు, గోరు పెట్టే గాడి కూడా మిగతావాటి కంటే వెడల్పుగా ఉంది, తెరిస్తే స్ప్రింగు వెంట్రుకవాసి పైకి లేస్తోంది. ఎప్పుడో మార్చిన బ్లేడు. తిరిగి తీసుకెళితే ఆయన ఒప్పుకోలేదు. బాధేసింది, డబ్బు కోసం కాదు, మాట నమ్మి కొన్నందుకు. మీరు వెళితే గది బుక్ చేసేటప్పుడు బల్ల, మంచి వెలుతురు ఉన్నాయా అని అడగండి, చేతిలో చిన్న భూతద్దం ఉంచుకోండి. ముద్రలో కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా కాలపు ముద్ర. ఇంగ్లండ్ అని దేశం పేరుంటే, అమెరికా దిగుమతి చట్టం వల్ల, చాలావరకు 1891 తర్వాతదే.

జర్మనీలోని సోలింగెన్‌కి మాంచెస్టర్ నుంచి డ్యూసెల్డార్ఫ్ మీదుగా వెళ్లాం, చాకులన్నీ గుడ్డలో చుట్టి చెకిన్ బ్యాగులో పెట్టాం, చేతి బ్యాగులో ఒక్కటీ ఉంచకండి. అక్కడి చాకులు, కత్తుల మ్యూజియమైన క్లింగెన్ మ్యూజియం ఊళ్లోని గ్రాఫ్రాత్ అనే పేటలో పాత మఠంలో ఉంది, స్టేషన్ నుంచి దూరమే, కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులున్నాయి. కత్తులు, భోజనం బల్ల మీది చాకులు, ఫోర్కులు చూడాలంటే అద్భుతం, కానీ నేను వెతికే మడత చాకుల దగ్గర నాకు అంత సేపు పట్టలేదు. ఒక్క రోజు చాలు.

స్విట్జర్లాండ్‌లోని బ్రూనెన్‌కి తమ్ముడి కోసం వెళ్లాం. చాకుల కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల సందర్శక కేంద్రంలో ముందే సమయం తీసుకుంటే మన చాకుని మనమే బిగించుకోవచ్చు. ఆ కంపెనీ మొదలుపెట్టిన కార్ల్ ఎల్సెనర్ పక్కనే ఉన్న ఇబాఖ్‌లో 1884లో దుకాణం పెట్టాడు, 1897లో ఆఫీసర్ చాకు తెచ్చాడు, ఇప్పుడు అందరూ స్విస్ ఆర్మీ నైఫ్ అనేది దాన్నే. అక్కడి సిబ్బంది ఓపిక చూసి ఆశ్చర్యపోయాను, తమ్ముడు ఒక పొర తలకిందులుగా పెడితే విసుక్కోకుండా మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టించారు. బిగించేటప్పుడే వాడికి తెలిసింది, ఒకే స్ప్రింగు ఇటు బ్లేడునీ అటు వెనకవైపు పరికరాన్నీ పట్టుకుంటుందని.

ఆ రాత్రి గదిలో షెఫీల్డ్‌లో కొన్న మూడు బ్లేడ్ల చాకు, విట్లర్ అనే రకం, తీసి వాడికిచ్చాను. ఒక చివర రెండు స్ప్రింగులూ కలిసి పెద్ద బ్లేడుని మోస్తాయి, రెండో చివర విడిపోయి ఒక్కోటి ఒక్కో చిన్న బ్లేడుని పట్టుకుంటుంది, మధ్యలో సన్నటి ఇత్తడి చీలిక. వాడు దాన్నీ, తను బిగించుకున్న చాకునీ పక్కపక్కనే పెట్టుకుని చాలాసేపు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు, చివరికి విట్లర్ తన బ్యాగులో పెట్టేసుకుని "ఇది నాకుండనీ అన్నా" అన్నాడు. సరే అన్నాను.