జియోగెస్సర్: రోడ్డు చూసి ఊరు పట్టే ఆట

2013లో స్వీడన్‌లో పుట్టిన ఈ ఆట, తిరుపతిలో మా ఇంట్లో భోజనాలయ్యాక అందరినీ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెడుతోంది. గూగుల్ స్ట్రీట్ వ్యూలో (గూగుల్ మ్యాప్స్‌లో రోడ్ల ఫొటోలు చుట్టూ తిప్పి చూపించేది) ఎక్కడో ఓ రోడ్డు మీద దింపేస్తుంది, అదెక్కడో మ్యాప్‌లో చూపించాలి, రౌండుకు గరిష్ఠంగా 5,000 పాయింట్లు. మజా అంతా ఆధారాలు వెతకడంలోనే: బండ్లు ఎడమవైపు పోతున్నాయా, మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉన్నాడా (అయితే చాలావరకు దక్షిణార్ధగోళమే), బోర్డు మీద ఏ లిపి?

చిత్తూరు దాటితే తమిళం, పలమనేరు దాటితే కన్నడం చూసే మనకు ఇక్కడి లిపులు కొట్టినపిండి. యూరప్ పల్లెలొస్తేనే మా తమ్ముడు గోళ్లు కొరుక్కుంటాడు. బండి నంబర్లు మసకగా ఉన్నా నంబర్ ప్లేటు రంగు చూడండి, ముందూ వెనకా పసుపైతే నెదర్లాండ్స్ కావచ్చు. ఫోన్‌లో మాత్రం వద్దు, బోర్డులు చదవలేక కళ్లు లాగేస్తాయి.