మెస్‌లో కూర్చుని తినాలా, పార్సిల్ తెచ్చుకోవాలా?

ఒకే మెస్ గురించి ఒకరు "అద్భుతం" అంటారు, ఇంకొకరు "మళ్లీ వెళ్లను" అంటారు. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. తేడా వెళ్లిన వేళలో, తిన్న పద్ధతిలో ఉంటుంది.

ఖర్చు: కూర్చుంటే ఫుల్ మీల్స్‌లో అన్నం, పప్పు, సాంబారు అడిగినంత వడ్డిస్తారు. పార్సిల్‌లో ఒక్కసారే, కానీ తక్కువ తినే ఇద్దరికి ఒకటి సరిపోతుంది. జీఎస్టీ వేస్తే రెండింటికీ 5 శాతమే. యాప్‌లో తెప్పిస్తే డెలివరీ, ప్యాకింగ్ ఛార్జీలు అదనం.

రుచి: ఇక్కడ నాకు సందేహమే లేదు. వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలిపిన మొదటి ముద్ద ఆకు మీద తినాల్సిందే. కవర్‌లో కట్టిన అప్పడం ఇంటికొచ్చేసరికి మెత్తబడుతుంది, వేపుడూ అంతే. పప్పు, పులుసు మాత్రం పార్సిల్‌లోనూ బాగుంటాయి.

సర్వీసు: ఒంటిగంటన్నరకు వెళ్తే కుర్చీ కోసం మన వెనకే ఒకరు నిలబడి ఉంటారు. ఓసారి పెరుగు రాకుండానే నా ఆకు తీసేశారు, చాలా బాధేసింది. అదే చోట పన్నెండున్నరకు అడిగి అడిగి వడ్డించారు.

రిస్క్: పార్సిల్‌లో పచ్చడి మర్చిపోతే ఇంటికొచ్చాకే తెలుస్తుంది. కౌంటర్ దగ్గరే చూసుకోండి.

ఇంట్లో నడవలేని పెద్దలున్నా, లంచ్ బ్రేక్ అరగంటే అయినా పార్సిల్ మేలు. కొత్త మెస్ రుచి చూడాలంటే మాత్రం పెందలాడే వెళ్లి కూర్చోండి.