స్కైలర్ వైపు నుంచి చూస్తే: ‘బ్రేకింగ్ బ్యాడ్’ సమీక్ష

అమెరికాలోని ఏఎంసీ ఛానెల్‌లో 2008 జనవరి నుంచి 2013 సెప్టెంబరు వరకు 5 సీజన్లుగా, 62 భాగాలుగా వచ్చిన ‘బ్రేకింగ్ బ్యాడ్’ ధారావాహికను మన ప్రేక్షకులు నెట్‌ఫ్లిక్స్‌లో చూస్తున్నారు. ఆల్బకర్కీ నగరంలో కెమిస్ట్రీ చెప్పే వాల్టర్ వైట్ తనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిశాక, పోయేలోగా భార్యాబిడ్డలకు నాలుగు డబ్బులు మిగల్చాలంటూ మెత్ అనే మత్తుమందు తయారీకి దిగి, చివరికి హత్యలకు కూడా వెనుదీయని మనిషవుతాడు. కథనంలోనూ నటనలోనూ ఇంత పట్టున్న ధారావాహికలు అరుదు. అయినా అతని భార్య స్కైలర్‌కు ప్రేక్షకుల చేతిలో జరిగిన అన్యాయాన్ని పక్కనపెట్టి దీన్ని మెచ్చుకోవడం నాకు సాధ్యం కాదు.

మత్తుమందు వండినవాడు, మనుషులను చంపించినవాడు చాలామందికి ఆరాధ్యుడయ్యాడు. నిలదీసిన భార్య మాత్రం గయ్యాళి అయింది. స్కైలర్‌గా నటించిన ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసం ప్రకారం, ఆ పాత్రను ద్వేషించేందుకే ఫేస్‌బుక్ పేజీలు వెలిశాయి, ఆ కోపం నటి మీదికే మళ్లి ప్రాణాలు తీస్తామనేదాకా వెళ్లింది. అంతకుముందు ‘ది సోప్రానోస్’లో మాఫియా నాయకుడి భార్య కార్మెలాకూ ఇలాంటి ద్వేషం తప్పలేదని ఆమె గుర్తుచేశారు.

నా దృష్టిలో ఇందులో కథనానికీ వాటా ఉంది. వాల్టర్ రహస్యం మనకు మొదటి భాగంలోనే తెలుసు, ఆమెకు తెలియదు; అందువల్ల రాత్రంతా ఎక్కడికి వెళ్లావని ఒక గర్భిణి రోగిష్టి భర్తను అడిగే న్యాయమైన ప్రశ్న కూడా మనకు కథకు అడ్డుపుల్ల వేసినట్లే వినిపిస్తుంది. ఆమె కథలు రాస్తుందని, లెక్కల్లో దిట్ట అని తొలి సీజన్లలో పైపైనే చూపించారు. ఇది రచయితల లోపమే. మూడో సీజన్‌లో తాను పనిచేసే సంస్థ యజమాని టెడ్‌తో ఆమె పెట్టుకున్న సంబంధాన్ని భర్త చేసిన హత్యల కంటే పెద్ద నేరంగా లెక్కగట్టడం మాత్రం పూర్తిగా ప్రేక్షకుల తప్పు. ఆమె నిర్దోషి కాదు, కార్ వాష్ కొనిపించి నల్లడబ్బును తెల్లగా మార్చింది కూడా ఆమే. పాత్రకు లోతు వచ్చింది అక్కడే.

ఐదో సీజన్ నాలుగో భాగం కోసమైనా ఈ ధారావాహిక చూడాలి. వాల్టర్ 51వ పుట్టినరోజున, గడిచిన ఏడాది గురించి అతను భార్య చెల్లెలి దంపతుల ముందు చెప్పుకుంటూ ఉండగానే, స్కైలర్ కట్టుబట్టలతో ఈతకొలనులోకి నడిచి వెళ్లి నీళ్లలో మునుగుతుంది. పిల్లలను ఆ ఇంటికి దూరంగా ఉంచడానికి ఆమెకు దొరికిన దారి అది. తర్వాత పడకగదిలో ఆమె చెప్పే ప్రతి ఉపాయాన్నీ అతను కొట్టిపారేస్తూ మీదికి వస్తుంటే, ఇక తాను చేయగలిగింది ఎదురుచూడడమేనని, అతని క్యాన్సర్ తిరగబెట్టడం కోసమేనని ఆమె చెబుతుంది. గన్‌కు 2013, 2014లో వరుసగా వచ్చిన ఎమ్మీ పురస్కారాలు ఎంత సముచితమో ఈ భాగం చూస్తే తెలుస్తుంది.

చివరి భాగంలో వాల్టర్ మళ్లీ కారణాలు చెప్పబోతే, కుటుంబం కోసమే చేశానన్న మాట ఇంకోసారి వినలేనని స్కైలర్ అడ్డుకుంటుంది. ఇదంతా తన కోసమే చేశానని, అది తనకు నచ్చిందని అతను ఒప్పుకునేది అప్పుడే. ధారావాహిక మొత్తానికీ కీలకమైన ఆ నిజాన్ని అతని నోట చెప్పించింది ప్రేక్షకులు అంతగా ఈసడించిన భార్యే.