హిమాలయన్ 450కి అల్యూమినియం పెట్టెలా, మెత్తటి బ్యాగులా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బండే 196 కిలోలు. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, వాటికి స్టీలు ఫ్రేమూ బిగిస్తే సామాను సర్దకముందే ఇంకో పది పదిహేను కిలోలు పెరుగుతుంది. అయినా తాళం వేసి ధాబాలో ప్రశాంతంగా తినొచ్చు, వానొచ్చినా బట్టలు తడవవు, ఆ టెన్షన్ లేకపోవడం చిన్న విషయమేం కాదు. మెత్తటి బ్యాగులకి ఆ సుఖం లేదు, బ్లేడు ఉంటే చాలు కోసేస్తారు. పైగా సైలెన్సర్ వైపు బ్యాగు కాలకుండా చూసుకోవాలి.

కానీ మట్టిదారి ఎక్కగానే లెక్క మారిపోతుంది. మారేడుమిల్లి అవతల బురదలో బండి జారుతుంటే మనం ఆపుకోలేక కాలు కింద పెడతాం, అప్పుడు ఆ గట్టి పెట్టె వెనక నుంచి వచ్చి సరిగ్గా పిక్కకే తగులుతుంది, కాలు విరిగినా విరుగుతుంది. బ్యాగైతే నలిగి ఊరుకుంటుంది. ట్రాఫిక్‌లో పెట్టెల వెడల్పు మర్చిపోయి ఆటోకి గీకడం ఇంకో కథ (గీకాను, తిట్లు తిన్నాను).

హైవే మీదే తిరిగేవాళ్లు పెట్టెలు కొనుక్కోండి, నేను మాత్రం బ్యాగులకే మారాను. మిగిలిన డబ్బుతో క్రాష్ గార్డు, లంబసింగి పొగమంచుకి పసుపు ఫాగ్ లైట్లు వేయించాను. లైట్లకి రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు లాంటిది) తప్పనిసరి, మెకానిక్ హారన్ వైరుకి అతికించేస్తానంటే ఒప్పుకోకండి.