మొక్కజొన్న పిండి కవర్లు: ఆరు నెలల వాడకం తర్వాత

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం డీఆర్‌డీవో హైదరాబాదు ప్రయోగశాల రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులను ప్రవేశపెట్టినప్పటి నుంచి, అలాంటివి ఇంట్లోనూ వాడాలని నాకు కోరికగా ఉండేది. ఆరు నెలల క్రితం తడి చెత్త బుట్టకు సరిపోయే కంపోస్టబుల్ (కుళ్లి ఎరువుగా మారే) కవర్లు రెండు రోల్స్ కొన్నాను.

కవరు పాలిథిన్‌లా గరగరలాడదు, చేతికి మెత్తగా తగులుతుంది. కూరగాయల తొక్కలు, టీ పిప్పి నింపి మూడంతస్తులు దింపినా చిరగలేదు. అయితే పులుసో గంజో పడితే రెండో రోజుకే అడుగున చెమ్మ ఊరుతుంది కాబట్టి, చెత్తను వడకట్టి వేసి, కవరును రోజూ మార్చవలసి వచ్చింది. వేసవిలో అటక మీద ఉంచిన రెండో రోల్ పెళుసెక్కి, విప్పుతుండగానే చీలిపోయింది.

నాకు నచ్చనిది పెట్టె మీది రాత. ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘నూరు శాతం మొక్కల నుంచే’ అని ఉంది. వెనుక చిన్న అక్షరాల్లో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో పాటు పీబీఏటీ అనే మరో ప్లాస్టిక్ పేరు కూడా ఉంది. మొక్కజొన్న పిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి తీసిన లాక్టిక్ ఆమ్లంతో పీఎల్‌ఏ తయారవుతుంది. అది ఒక్కటే అయితే విరిగిపోతుంది కనుక, కవరు సాగడానికి పీబీఏటీని కలుపుతారు. అది సాధారణంగా పెట్రోలియం నుంచి వచ్చేదే. కంపోస్టులో అదీ విచ్ఛిన్నమవుతుంది కాబట్టి కలపడం తప్పు కాదు, ఆ సంగతిని వెనక్కి నెట్టడం తప్పు.

ఒక కవరును ముక్కలు చేసి, పేడ, ఎండుటాకులతో కలిపి మేడ మీది కుండీలో పూడ్చాను. నాలుగు నెలల తర్వాత తవ్వితే తొక్కలన్నీ నల్లని ఎరువుగా మారాయి గాని, కవరు ముక్కలు రంగు వెలిసి అలాగే కనిపించాయి. దీన్ని కవరు లోపమనలేను. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌లకు ఉన్న ఐఎస్ఓ 17088 అనే అంతర్జాతీయ ప్రమాణం ఆరు నెలల్లో 90 శాతం జీవవిచ్ఛిన్నాన్ని కోరేది సుమారు 58 డిగ్రీల వేడి ఉండే పారిశ్రామిక కంపోస్టులో. ఇంటి కుండీ అంతగా వేడెక్కదు. ఇక నాలాలోనో చెరువులోనో పడితే ఈ కవరు కూడా చాలాకాలం కవరుగానే ఉంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని పెట్టె మీద ముద్రించి ఉంటే ఎంత బాగుండేది!

2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు నిషిద్ధమైనా, కంపోస్టబుల్ సంచులకు మందం నిబంధన వర్తించదు. ఆ పేరుతో పలుచని మామూలు ప్లాస్టిక్‌ను అంటగట్టే వీలుంది, అందుకే కొనేటప్పుడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం సంఖ్య ఉందో లేదో తప్పక చూడండి. మీ తడి చెత్త నిజంగా కంపోస్టు కేంద్రానికి చేరుతుంటే ఈ కవర్లు పెట్టిన డబ్బుకు తగినవే. పొడి చెత్తతో కలిసి డంపింగ్ యార్డుకు పోతుంటే మాత్రం, బుట్ట అడుగున పాత దినపత్రిక పరచుకోవడమే మేలు.